నాలుగు చేతుల పాట

జూలై 6

గిన్నెలు తోముతూ కూనిరాగం తీశానట. నాకు తెలియనే తెలియదు. గోడకు అవతల టీచర్ గారి పియానో టక్కున ఆగింది. కిటికీ రెక్క తెరిచారు. "ఎవరమ్మా ఆ పాడింది?" నేను గిన్నెల మీదికి ఇంకా వంగిపోయాను. అత్తమ్మే చెప్పింది— "మా సరితనే అమ్మా. దీనికి గొంతున్నదని నాక్కూడ ఇయ్యాల్నే తెల్సింది."

టీచర్ గారి ఇంటి వెనక పోర్షన్‌లో దిగి రెండేళ్ళు. ఓనరమ్మతో నేను మాట్లాడిన మాటలు పది కూడా ఉండవు. ఏదైనా ఉంటే ఆయన మాట్లాడతారు. నేను తలుపు చాటు.

జూలై 7

టీచర్ గారు రమ్మని కబురు పెట్టారు. తలనొప్పి అని చెప్పించాను. కాసేపటికి నిజంగానే వచ్చింది.

జూలై 8

ఈరోజు ఆవిడే వచ్చారు. అరవై దాటిన మనిషి, ఇంతమంది పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, మా గడప బయట నిలబడి అడుగుతున్నారు— "మొన్న పాడింది మళ్ళీ పాడతావా? నేను లోపల వాయిస్తాను. నువ్వు ఇక్కడే ఉండి పాడు. నా మొహం చూడక్కర్లేదు."

వెళ్ళి మొదలుపెట్టారు. ధుం... చక చక. ధుం... చక చక. రోజూ సాయంత్రం వినేదే. బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని పాడాను.

మళ్ళీ వచ్చారు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. తరవాత— "అది అసలు పాట కాదు. కానీ దాని చెల్లెల్లా ఉంది."

అప్పుడు చెప్పారు. ఇవి ఇద్దరు కూర్చుని వాయించే పాటలట. ఒకే పియానో, ఒకే బెంచీ, నాలుగు చేతులు. ఎడమ పక్క కూర్చున్నవాళ్ళది కింది భాగం, కుడి పక్కవాళ్ళది పై భాగం. పై భాగం ఎప్పుడూ ఆవిడ చెల్లెలు కనకం గారిదట. కనకం గారు కవాడిగూడలో ఉంటారు. నడిస్తే ఇరవై నిమిషాలు. ఆరేళ్ళుగా మాటల్లేవు.

"ఇన్నాళ్ళూ మీరంతా సగం పాటే వింటున్నారమ్మా."

అందుకే కాబోలు, నాకెప్పుడూ అందులో ఖాళీ వినపడేది... గీతలు కలపని ముగ్గు చుక్కల్లాగా.

జూలై 13

కూర్చున్నాను! బెంచీ కుడి చివర, సగం లోపల, సగం బయట. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియదు. పెడల్ తొక్కడం కింది భాగం వాళ్ళ పనట. నా కాళ్ళకు పనిలేదు.

బొటనవేలు ఒకటి. చిటికెనవేలు ఐదు. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివాను, నా వేళ్ళకు అంకెలున్నాయని ఎవరూ చెప్పలేదు. ఐదు వేళ్ళు పియానో ఐదు మెట్ల మీద పెట్టి ఉంచాలి, అంతే. చెయ్యి ఎక్కడికీ పోనక్కర్లేదు. పాట బరువంతా కిందివాళ్ళు మోస్తారు, పైవాళ్ళు ఐదు మెట్ల మీద నడుస్తారు. నేర్చుకునేవాళ్ళ కోసమే అలా రాశారట. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు మొదలుపెట్టింది ఈ పాటలతోనే.

"ఈ పుస్తకం రాసినాయనకు భయస్తుల సంగతి తెలుసు," అన్నారు టీచర్ గారు. నవ్వొచ్చింది. నవ్వలేదు.

జూలై 14

చపాతీ పిండి కలుపుతుంటే కూడా వేళ్ళకు అంకెలు.

జూలై 17

గొడవ. టీచర్ గారు గాజులు తీసి కూర్చోమన్నారు— చెక్కకు తగిలి టకటకమంటున్నాయని. నేను తీయలేదు. ఎందుకు తీయనో చెప్పలేదు. లేచి వచ్చేశాను.

అత్తమ్మ అడిగితే చెప్పక తప్పలేదు. "గాజులు తీస్తవా? మొగడు నిండ నూరేండ్లు ఉండాల్నా వద్దా? ఆమె పెండ్లే చేస్కోలే, ఆమెకేం ఎర్క. బంద్ చెయ్యి. ఇగ గా డబ్బా కాడికి పోకు."

డబ్బా అంది. పియానోను.

జూలై 18

సాయంత్రం గోడ అవతల నిశ్శబ్దం.

జూలై 19

ఈరోజు కూడా. పాఠాలకు వచ్చిన పిల్లల చప్పుడు తప్ప, ఆవిడ తనంతట తాను వాయించే ఆ అరగంట లేదు.

జూలై 20

అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒలుస్తూ ఆపేసింది. "సప్పుడు లేకుంటే పొద్దు పోతలేదే పిల్లా." ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "తీసుడైతే లేదు. పైకి జరిపి రుమాలు కట్టు. నాట్లేసేటప్పుడు నేను గట్లనే కట్టుకునేదాన్ని, బురదల గాజులు పోవద్దని."

కట్టి చూపించింది. మోచేతి దగ్గరికి గాజులన్నీ తోసి, పైన ఆయన రుమాలు. ఊపి చూశాను. చప్పుడు లేదు.

అంతటితో ఆగలేదు. తనే టీచర్ గారి ముందు గదిలోకి వెళ్ళింది. "మా కోడలు గాజులు తియ్యది టీచరమ్మా. గిట్ల కట్టుకుంటది. మీకు సమ్మతమా?" టీచర్ గారు లేచి నిలబడ్డారు. "నాకే తోచి ఉండాల్సిందండీ. తప్పు నాది."

మా అత్తమ్మ ముందు లేచి నిలబడ్డారు. ఇది రాసుకోవాలి. రాసుకున్నాను.

ఆగస్టు 3

వాయిస్తూ లెక్క పైకి చెప్పాలట. ఒకటీ రెండూ మూడూ, ఒకటీ రెండూ మూడూ. నా పెదాలు కదులుతాయి, గొంతు రాదు.

"నాకు వినపడట్లేదు."

ఒకటీ...

"పక్క వీధిలోవాళ్ళకు వినపడాలి!"

గట్టిగా అనబోతే వేళ్ళు ఆగిపోయాయి. వేళ్ళు కదిలితే గొంతు ఆగిపోయింది. చివరికి ఆవిడే ఇద్దరి లెక్కా చెప్పారు. విసుక్కోలేదు. నేనైతే విసుక్కునేదాన్ని.

ఆగస్టు 10

ఆయన ఒక పొడుగాటి కాగితపు చుట్ట తెచ్చారు. నేలమీద పరిచి నిలబడ్డారు. పియానో మెట్లు! టీచర్ గారి దగ్గరున్న బొమ్మ అట్ట అడిగి తీసుకుని, తన జిరాక్స్ దుకాణంలో అసలు సైజుకు పెంచి కాపీలు తీసి, కాగితాలు అతికించి, లామినేషన్ చేయించారు. నల్లవి నల్లగా, తెల్లవి తెల్లగా.

"ఇంట్ల కూడ కొట్టుకోవచ్చు. సప్పుడు రాదు. నీ లెక్కనే," అన్నారు.

అత్తమ్మ— "కాయితం మీద గోకితే ఏమొస్తదిరా?"

"అశోక్‌నగర్ల కోచింగ్ పిల్లలందరు కాయితం మీదనే గోకుతున్నరమ్మా. నౌకరీలు వస్తలేవా?"

ఈ మనిషికి నేను ఏమీ అడగలేదు. అడగడం నాకు చేతకాదు. అడగకుండానే...

ఆగస్టు 22

నాలుగు పాటలు వచ్చాయి. అన్నీ టీచర్ గారు కాగితం మీద నా భాగం మాత్రం పెద్ద చుక్కలతో రాసిచ్చినవే. వరుస మొదట్లో ఉండే రెండు గుర్తులూ నేర్పారు. ముగ్గు మెలికలా ఉండేది పై మెట్లకు, చెవిలా ఉండేది కింది మెట్లకు.

డిసెంబర్‌లో పాఠాల పిల్లలందరూ అమ్మానాన్నల ముందు వాయిస్తారు. ఏటా ఉంటుందట, ఈ ఇంటి ముందు గదిలోనే. చివర్లో టీచర్ గారు వాయించాలి. ఆరేళ్ళుగా ఒక్కరే ఏదో వాయించి లేస్తున్నారట. ఈసారి నన్ను పక్కన కూర్చోమన్నారు. పుస్తకంలో పదకొండో పాట.

ముప్పై, నలభై మంది ముందు. నేను.

వద్దని చెప్పడానికి కూడా గొంతు రాలేదు. ఒప్పుకున్నాననుకున్నారు.

సెప్టెంబర్ 3

టీచర్ గారి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆయన ఆటోలో తీసుకువెళ్ళి తీసుకొచ్చారు. నాలుగు వారాలు పాఠాలు బంద్, చదవడం బంద్. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలి. నేను వేస్తాను అన్నాను— నేనే అన్నాను, అత్తమ్మ చెప్పకముందే.

ఆవిడ తల వెనక్కి వాల్చి, కన్ను నా చేతిలో పెట్టేస్తారు. చుక్క సరిగ్గా కంట్లోనే పడింది.

సెప్టెంబర్ 5

"నేను లేచేదాకా ఊరికే ఉండకు, పదకొండోది పుస్తకంలోంచే నేర్చుకో," అని పుస్తకం ఇచ్చారు. ముట్టుకుంటే పొడి రాలుతోంది. ఆయన దుకాణానికి తీసుకెళ్ళి ఆ పాట జిరాక్స్ తీసి, పుస్తకం బట్టలో చుట్టి తిరిగి ఇచ్చేశారు. నాకు ఒక్క కాగితం. ముందు వైపు ఒక పేజీ, వెనక వైపు ఒక పేజీ.

సెప్టెంబర్ 12

పియానో ఉన్న ముందు గదిలోనే ఆవిడ పడుకుంటున్నారు. చప్పుడు చేయబుద్ధి కాదు. వంట అయ్యాక కాగితం మెట్లు పరుచుకుంటాను. పాట పెద్దదే. మొదటి వైపంతా చేతులు ఎక్కడో ఎడమ చివర, కింద. రెండో వైపు పైకి వస్తాయి. నేల నుంచి డాబా ఎక్కినట్టు. బాగుంది.

కింద మాత్రం కష్టం. రెండేసి మూడేసి మెట్లు కలిపి నొక్కాలి. కనకం గారు ఇదంతా ఎలా వాయించేవారో.

సెప్టెంబర్ 20

మొదటి వైపు వచ్చేసింది! చూడకుండా.

సెప్టెంబర్ 28

బతుకమ్మ. మా సందులో ఆడవాళ్ళందరూ. చప్పట్లు కొడుతూ తిరిగాను. లోపల్లోపల ఒకటీ రెండూ మూడూ.

అక్టోబర్ 5

అయ్యో, ఎలా రాయాలి ఇది.

నెల తరవాత మళ్ళీ కూర్చున్నాం. పుస్తకం ఆవిడ ముందు, నా జిరాక్స్ నా ముందు. ఒకటీ రెండూ మూడూ— నా చేతులు తిన్నగా ఎడమకు వెళ్ళి ఆవిడ చేతులను గుద్దుకున్నాయి.

"ఇదేమిటే! నా ఇంట్లోకి వచ్చేస్తున్నావు?"

"పాట ఇక్కడనే కద టీచర్ గారు మొదలయ్యేది..."

"ఎవరు చెప్పారు?"

కాగితం చూపించాను. ముందు వైపు. వెనక వైపు. ఆవిడ ఇటు తిప్పారు, అటు తిప్పారు. పుస్తకం నా వైపు జరిపారు. అందులో రెండు పేజీలూ పక్కపక్కనే. ఎడమ పేజీ కింది భాగం వాళ్ళది, కుడి పేజీ పై భాగం వాళ్ళది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టాలి. ఒకదాని తరవాత ఒకటి కాదు! నేను మామూలు పుస్తకంలా చదువుకుంటూ పోయాను, ముందు మొదటి పేజీ, తరవాత రెండో పేజీ.

నవ్వారు. కన్ను రుద్దుకోకూడదు కదా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ అదిరేలా నవ్వారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

నవ్వు ఆగాక— "ఉండు. అంటే నా భాగం కూడా నేర్చేసుకున్నావా? ఏదీ, వాయించు."

చేతులు పెట్టాను. ధుం... చక చక. ధుం... చక చక.

ఇదా! రెండేళ్ళుగా గోడలోంచి వింటున్నది ఇదేనా! కాగితం మీద ఒక్క శబ్దం లేకుండా నేర్చుకున్నాను, గుర్తుపట్టలేదు. నా వేళ్ళ కింద నుంచే వస్తోంది.

చివరిదాకా వాయించాను. ఆవిడ లేచారు. వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి నా కుడి పక్కన కూర్చున్నారు, చెల్లెలి చోట. "మళ్ళీ మొదలుపెట్టు." పై భాగం ఎత్తుకున్నారు. రెండు వరుసలు. ఆగిపోయారు.

"ఇక్కడ కూర్చోడానికి చోటేదీ?"

నేను జరగబోయాను. "నువ్వు కాదు. బెంచీ."

నేలమీద బెంచీ కాళ్ళ గుంటలున్నాయి. ఎన్నేళ్ళ నుంచో అది అక్కడే. ఎడమన కూర్చున్న మనిషికి పియానో నడిమధ్య. కుడిన కూర్చున్న మనిషికి మోచెయ్యి మెదపడానికి లేదు, పేజీ కూడా ఏటవాలుగా కనపడుతుంది. నేను కొత్తదాన్ని. అలాగే ఉంటుందనుకున్నాను.

"కనకం అంటూనే ఉండేది," అన్నారు.

అక్టోబర్ 6

ఆయనకు చెప్పాను. తల పట్టుకున్నారు. "అరె, కాయితం ఒక్క దిక్కు ఖాళీ వదిలితే కోచింగ్ పిల్లలు లొల్లి చేస్తరని చెయ్యి దానంతటదే రెండు దిక్కుల కొట్టేస్తది. పాట అని మర్చిపోయిన. ఖరాబ్ చేసిన్నా?"

"ఖరాబ్ కాలే," అన్నాను. "రెండు భాగాలు వచ్చినయి."

ఆయన నా వైపు చూశారు. నేను ఇంత పొడుగు మాట్లాడానని కాబోలు.

అక్టోబర్ 9

చుక్కలు వేస్తుంటే, కన్ను మూసుకునే చెప్పారు. ఆరేళ్ళ కింద డిసెంబర్‌లో, అందరి ముందూ, పాట మధ్యలో కనకం గారు లెక్క తప్పారట. ఈవిడ ఆపేసి పక్కకు తిరిగి— "నీకు లెక్క రాదు కనకం, ఎప్పటికీ రాదు" అన్నారట. కనకం గారు చేతులు తీసేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. అంతే.

"నా మోచేతితో దాని చెయ్యి తోసేసి, తప్పు దానిదన్నాను."

ఇంకో కంట్లో కూడా చుక్క వేయబోయాను. "అది కాదే," అన్నారు.

అక్టోబర్ 12

ఆయనా నేనూ కలిసి బెంచీని జానెడు ఎడమకు జరిపాం. టీచర్ గారు దగ్గరుండి చూశారు. "ఇంకొంచెం. ఇంకొంచెం."

అక్టోబర్ 24

టీచర్ గారు ఫోన్ చేశారు. కనకం గారు ఎత్తలేదు. మూడుసార్లు.

నవంబర్ 9

కవాడిగూడ వెళ్ళాను. నేను! "నన్ను చూస్తే తలుపేస్తుంది. నీ మొహం చూసి ఎవరూ తలుపేయలేరు," అని టీచర్ గారు పంపారు. చేతిలో మడత పెట్టిన చీటీ. ఆయన బండి మీద దింపి, మెట్ల కిందే ఉండిపోయారు. "పైకి నువ్వే పో. నేనొస్తే నేనే మాట్లాడత, నువ్వు ఎనుకకు పోతవ్."

రెండో అంతస్తు. తలుపు తీశారు. అక్కలాగే ఉన్నారు, కాస్త పొట్టి, కళ్ళు చురుకు. చీటీ చదివి నవ్వారు, కోపంగానే. "బెంచీ జరిపిందట. ఇది తెలుసుకోడానికి ఆరేళ్ళా? నా వైపు ఒక్కసారి కూర్చుంటే ఆరు నిమిషాల్లో తెలిసేది."

"కూసున్నరు," అన్నాను. గొంతు చిన్నగా వచ్చింది గానీ వచ్చింది. "నా కోసం కూసున్నరు. కూసున్నంకనే తెలిసింది."

"నువ్వెవరు?"

చెప్పాను. అద్దెకున్నవాళ్ళమని, రెండు వైపులా జిరాక్స్ అని, గుద్దుకున్నామని... ఎలా చెప్పానో. మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టారు. అచ్చం అలాగే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఏదీ, పై భాగం చూపించు." పియానో లేదు అక్కడ. భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టారు. నేను బల్ల మీద వేళ్ళు పెట్టాను. ఆవిడ నా ఎడమ పక్కన కుర్చీ లాక్కుని కింది భాగం ఎత్తుకున్నారు. బల్ల మీద ఇద్దరం. శబ్దం లేదు. అయినా మొత్తం వినపడింది. ఎక్కడా కలవకుండా పోలేదు.

అయ్యాక గుర్తొచ్చింది. కింది భాగం ఈవిడది కాదు కదా. ఈవిడకెలా వచ్చు?

నా మొహం చూసే తెలిసిపోయింది. "ఆరేళ్ళుగా ఈ బల్ల మీదే. లెక్కంతా కింది భాగంలోనే ఉంటుంది కదా, నాకు వస్తుందో రాదో చూసుకుందామని. మా అక్కకు చెప్పకు."

"డిసెంబర్‌కు వస్తరా అమ్మా?"

"చూద్దాం," అన్నారు. కాఫీ ఇచ్చారు. చిన్న గ్లాసులో, చిక్కగా.

నవంబర్ 10

టీచర్ గారు ఎన్నిసార్లు అడిగారో. ఏమంది? ఎలా ఉంది? చిక్కిందా? చూద్దాం అన్నారని చెప్పాను. బల్ల సంగతి చెప్పలేదు.

నవంబర్ 23

పిల్లల పేర్లతో కాగితం అచ్చు వేసి తెమ్మని టీచర్ గారు ఆయనకు ఇచ్చారు. చివరి వరుస— పదకొండో పాట, టీచర్ గారి పేరు హేమలత, పక్కన ఖాళీ.

"గీడ పేరు రాయలేదు టీచరమ్మా," అన్నారు ఆయన.

"అలాగే ఉంచు బాబూ. కనకం వస్తే కనకం. రాకపోతే మన సరిత ఉంది."

ఇంటికి తెచ్చి నాకు చూపించారు. ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూశాను. కాగితమే.

నవంబర్ 25

గుడికి వెళ్ళాను. ఏం కోరుకోవాలో తేలలేదు. కనకం గారు రావాలని కోరుకుంటే నా చోటు పోతుంది. రావద్దని ఎలా కోరుకుంటాను? ఆరేళ్ళు... ఆవిడకు ఈవిడ, ఈవిడకు ఆవిడ. నేనే వెళ్ళి పిలిచాను కూడా.

కొబ్బరికాయ కొట్టి, ఏమీ అడగకుండా వచ్చేశాను. "అందరు మంచిగుండాలె" అనుకుని ఉండాల్సింది. తరవాత గుర్తొచ్చింది.

డిసెంబర్ 2

ఇంతకు ముందు, నలుగురి ముందు కూర్చోవాల్సి వస్తుందని భయం. ఇప్పుడు కూర్చోలేనేమోనని భయం. ఎప్పుడు మారిందో.

డిసెంబర్ 7

నారాయణగూడ మార్కెట్‌లో అత్తమ్మ చీర కొంది నాకు. ఆకుపచ్చ, సన్న అంచు. "గా దినం కట్టుకో. కూసున్నా కట్టుకో, కూసోకున్నా కట్టుకో." ఆమెకు కూడా తెలుసన్నమాట.

ఈ ఇంట్లో ఎవరూ నన్ను గట్టిగా ఏమీ అడగరు. అన్నీ తెలుసుకుని ఊరుకుంటారు. దేవుడు నన్ను మంచి ఇంట్లోనే వేశాడు.

డిసెంబర్ 11

టీచర్ గారితో పూర్తిగా వాయించాను, తప్పు లేకుండా. లెక్క పైకే చెప్పాను. పక్క వీధికి కాదు గానీ అత్తమ్మకు వినపడింది. పాట అయ్యాక ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. కవాడిగూడ నుంచి ఏ కబురూ లేదు.

డిసెంబర్ 14

నాలుగున్నర. ఐదింటికి మొదలు. ఆయన దుకాణం మధ్యాహ్నమే మూసేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గదిలో కుర్చీలు వేశారు. పిల్లలు వచ్చేశారు, వాళ్ళ అమ్మలు, నాన్నలు. నేను ఆకుపచ్చ చీరలో మంచినీళ్ళు అందిస్తున్నాను.

గేటు చప్పుడైంది. కనకం గారు.

గడపలోనే నిలబడి బెంచీ వైపు చూశారు. "జరిపావా?"

"జరిపాను," అన్నారు టీచర్ గారు.

ఆరేళ్ళ తరవాత రెండు మాటలు. టీచర్ గారి చెయ్యి కుర్చీ వీపును పట్టుకుంది. నేను కనకం గారికి గ్లాసు అందించి, వెనక నుంచి మా గదిలోకి వచ్చేశాను.

ఏడవలేదు. కూర్చుని ఇది రాస్తున్నాను. ఐదు నెలలు ఆ చోటు నాకు ఇచ్చారు. వాళ్ళిద్దరూ ఈ పూట ఒకే గదిలో ఉన్నారు. చాలదా? చాలాలి. చాలడం లేదు. ఈ కాగితానికి తప్ప ఎవరికీ చెప్పను.

గోడ అవతల గొంతులు లేస్తున్నాయి.

"...పైన నేను కూర్చోను, ఆ పిల్ల కూర్చుంటుంది. నేను కింద."

"కింది భాగం నీకేం వచ్చు?"

"వస్తుందో రాదో వాయించాక చెప్పు, అందరి ముందూ చెప్పు. నువ్వు లే అక్కా."

"సరిత నా శిష్యురాలు! నా పక్కన కూర్చుంటుంది."

"రెండు వైపులా వచ్చిన పిల్లకు ఎవరి పక్కనైతే ఏం?"

"మరి మనిద్దరం?"

కనకం గారు ఏదో మెల్లగా అంటున్నారు, వినపడటం లేదు. ఎవరో పిల్ల నవ్వింది.

"సరితా!" టీచర్ గారు.

"సరితా, రావే!" కనకం గారు.

అత్తమ్మ గుమ్మంలో. "ఇద్దరు పిలుస్తున్నరు గదనే. ఇంకేం రాస్తున్నవ్?"

వస్తున్నానని అరిచాను. గోడ దాటి వెళ్ళేలా. అత్తమ్మ ఉలిక్కిపడింది. అవతల అందరూ ఒక్కసారి ఆగిపోయారు.

ఎవరి పక్కన కూర్చోమంటారో తెలియదు. కూర్చోమంటారో, పక్కన నిలబడి చూడమంటారో కూడా తెలియదు. ఒకవేళ నన్నే తేల్చమంటే, నా మాట పక్క వీధికి వినపడేలా చెబుతాను.